వంగిన నడుముకు వాకర్, నాయిన చెవి మిషన్, మామ ఫోన్: నాలుగేళ్లలో మేం కొన్నవాటి సంగతి

ఇంట్లో పెద్దవాళ్ల కోసం వాకరో, వీల్‌చైరో, చెవి మిషనో కొనాలని చూసేవాళ్లు ముందు ఇంట్లో టేపు వెతకండి. మనిషిని కొలవకుండా, ఇంటి తలుపులు కొలవకుండా కొన్న వస్తువులు మా ఇంట్లో మూడు మూలకు పడ్డాయి. వాటి మీద పోయిన డబ్బుల కంటే, ఆ వస్తువులతో అమ్మ పడ్డ తిప్పలు తలుచుకుంటేనే నాకు ఎక్కువ బాధ. అందుకే ఏది పనికొచ్చింది, ఏది రాలేదు, ఎందుకు రాలేదు అన్నీ రాస్తున్నాను. కొంచెం పొడుగైనా చదవండి, ముఖ్యంగా మా నల్లగొండ వైపు వాళ్లు.

మా అమ్మది మర్రిగూడ మండలం. పుట్టింట్లో బావి నీళ్లు, అత్తగారింట్లో బోరు నీళ్లు, యాభై ఏళ్లు అవే తాగింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా వైపు బోర్లలో అంతకు కొన్ని రెట్లు ఉండేది. ఇప్పుడు ఊళ్లోకి మిషన్ భగీరథ నల్లా వచ్చింది, కృష్ణా నీళ్లు తాగుతున్నాం, పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, అది చూసి అమ్మే అందరికంటే ఎక్కువ సంబరపడుతుంది. కానీ ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ తీసే మందు లేదు. అమ్మ వెన్ను ముందుకు వంగి అలాగే బిగిసిపోయింది. మెడ పక్కకు తిరగదు, మోచేతులు పూర్తిగా చాపలేదు, మోకాళ్లు మడవలేదు, వేళ్లతో దేన్నీ గట్టిగా పట్టుకోలేదు. నిటారుగా ఉంటే ఐదడుగులు ఉండాల్సిన మనిషి ఇప్పుడు నిలబడితే 4 అడుగుల 1 అంగుళం. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కింద చాలాసార్లు అవసరం పడుతుంది.

మొదట కొన్నది నాలుగు కాళ్ల చేతికర్ర. దాదాపు 800 అయింది. మామూలు కర్ర కంటే ఇది నిలబడుతుంది, వదిలేసినా కింద పడదు, వంగి తీసుకోలేనివాళ్లకి అదే పెద్ద ఉపకారం. కానీ ఆ నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను తాకితేనే అది పనిచేస్తుంది. మా ఇంట్లో షాబాద్ బండలు, పాతవి, ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటాయి. మూడు కాళ్లు ఆని ఒకటి గాల్లో ఉంటే కర్ర ఊగుతుంది, పట్టుకున్న మనిషికి గుండె జారుతుంది. కొత్త టైల్స్ ఇంట్లో ఇది బాగుంటుంది. మా ఇంటికి, మా వాకిలికి సరిపోలేదు. ఇంకొకటి, కర్రను ఏ చేత్తో పట్టుకోవాలో మాకెవరూ చెప్పలేదు. అమ్మకు ఎడమ మోకాలు ఎక్కువ నొప్పి కాబట్టి ఎడమ చేత్తోనే పట్టుకునేది, మేం కూడా అదే సరి అనుకున్నాం. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేత్తో పట్టుకోవాలట, కుడిచేతిలో కర్ర, ఎడమకాలు, రెండూ కలిసి ముందుకు పడాలి. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పేవరకు ఏడు నెలలు తప్పుగానే నడిచింది మా అమ్మ.

ఇక వాకర్. దీని మీద ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు చేసింది దీని దగ్గరే.

మొదటి వాకర్ ఒక సర్జికల్ షాపులో కొన్నాం, 1,400. అమ్మను ఆటోలో కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి పోయాను. షాపులో అబ్బాయి "అందరికీ ఇదే సైజు మేడం, బటన్ నొక్కి హైట్ తగ్గించుకోవచ్చు" అన్నాడు. నమ్మాను. ఇంటికి తెచ్చి కాళ్లకున్న బటన్లు నొక్కి చివరి రంధ్రం దాకా దించినా పిడి ఎత్తు 32 అంగుళాలు. మామూలుగా వాకర్ పిడి ఎంత ఎత్తు ఉండాలంటే, మనిషి నిలబడి చేతులు కిందికి వదిలేస్తే మణికట్టు దగ్గర గీత ఎక్కడికి వస్తుందో అంత. పిడి పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా మడిచి ఉండాలి. అమ్మకు కొలిస్తే 27 వచ్చింది. అంటే వాకర్ ఐదు అంగుళాలు ఎక్కువ. పట్టుకుంటే భుజాలు చెవుల దాకా లేచాయి. రెండు రోజులు చూసి "బిడ్డా, ఇది నన్ను మోస్తలేదు, నేనే దీన్ని మోస్తున్న" అంది. వాపసు ఇద్దామంటే వాడిన వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు.

అప్పుడు మా తమ్ముడు ఇంకో తెలివితక్కువ పని చేశాడు. కిటికీలు చేసే అల్యూమినియం షాపులో వాకర్ కాళ్లు కోయించి, కొత్త రంధ్రాలు వేయించుకొచ్చాడు. ఎత్తు సరిపోయింది, మేమంతా సంతోషపడ్డాం, కానీ నాలుగు కాళ్లూ అచ్చంగా ఒకే పొడవు రాలేదు, పైగా రంధ్రం వేసిన చోట గొట్టం బలం తగ్గింది. నెలన్నరకే ఒక కాలు ఆ రంధ్రం దగ్గర వంగింది. ఆ రోజు అమ్మ పక్కనే మంచం ఉంది కాబట్టి దాని మీద పడింది, లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు భయమే. దయచేసి వాకర్ కాళ్లు కోయించొద్దు. వెల్డింగ్ అసలే చేయించొద్దు.

ఆఖరికి పనికొచ్చింది పిల్లల సైజు వాకర్. ఇలాంటిది ఉంటుందని కూడా మాకు తెలియదు, ఆ ఫిజియోథెరపీ అమ్మాయే చెప్పింది. నల్లగొండలో నేను అడిగిన రెండు మూడు షాపుల్లో లేదు, తెప్పిస్తామన్నారు గానీ తెప్పించలేదు. హైదరాబాద్ కోఠిలో సర్జికల్ షాపులన్నీ వరుసగా ఉంటాయి కదా, అక్కడ దొరికింది, 1,650. తీసుకునే ముందు ఎంత బరువు దాకా ఆపుతుందో అడగండి, పిల్లల కోసం చేసింది కాబట్టి పెద్దవాళ్ల బరువుకు అన్నీ తట్టుకోవు. అమ్మ 41 కిలోలే, సరిపోయింది. ముందు రెండు కాళ్లకు చిన్న చక్రాలు, వెనక రెండింటికి కింద జారకుండా తొడిగే రబ్బరు బుష్‌లు ఉన్నది తీసుకున్నాం. చక్రాలు లేనిదైతే ప్రతి అడుగుకీ ఎత్తి ముందు పెట్టాలి, చేతుల్లో బలం లేనివాళ్లకి అది కాదు. పూర్తిగా నాలుగు చక్రాలది కూడా వద్దు, మనిషి వెనకే ఉండిపోయి బండి ముందుకు జారుతుంది.

ఆ రబ్బరు బుష్‌ల గురించి ఒక్క మాట. ఎనిమిది నెలలకు మావి అరిగిపోయాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, తిప్పి చూస్తే అడుగున గీతలన్నీ పోయి నున్నగా అయ్యాయి. తడి బండ మీద నున్నటి రబ్బరు సబ్బులా జారుతుంది. కొత్తది ఒక్కోటి 40, 50 రూపాయలు. నెలకోసారి వాకర్ తిరగేసి చూడండి, అంతే పని.

వాకర్ సరిపోయాక గడప అడ్డం వచ్చింది. మాది పాత ఇల్లు, నాలుగంగుళాల టేకు గడప. అమ్మ మెడ వంగదు కాబట్టి తన పాదాల ముందు ఏముందో తనకి కనపడదు, వాకర్ చక్రం పోయి గడపకు తగిలి ఆగుతుంది, మనిషి ముందుకు తూలుతుంది. గడప తీసేద్దామని తమ్ముడు అంటే అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. పెళ్లై వచ్చినప్పటి నుంచి ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టిన గడప అది, ఇప్పుడు వంగలేక నాతో రాయిస్తుంది. "నేను పోయినంక తీసుకోండ్రి" అంది. సరే అని గడపకు రెండు వైపులా చెక్కతో వాలు చేయించాం. వాలుకు ఒక లెక్క ఉంది, అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. అంటే నాలుగంగుళాలకు నాలుగడుగులు. బయటి వైపు అరుగు మీద చోటు ఉంది కాబట్టి అంతా వేయించాం. లోపల బీరువా ఉండటంతో రెండున్నర అడుగులే వచ్చింది, అది కొంచెం నిటారుగా ఉంది, దిగేటప్పుడు ఒకరు పక్కన ఉండాలి. చెక్క మీద జారకుండా గరుకు పట్టీ అంటించాం. వడ్రంగికి, చెక్కకి కలిపి 2,200 అయింది. మేం కొన్న ఏ వస్తువుకైనా పెట్టిన డబ్బు కంటే ఈ 2,200 ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం. శుక్రవారం పసుపు రాసేటప్పుడు వాలు చెక్కలు పక్కకు తీసి మళ్లీ పెట్టుకుంటాం.

వీల్‌చైర్ ఆన్‌లైన్‌లో తెప్పించాం, 6,800. సీటు వెడల్పు 18 అంగుళాలని రాసి ఉంది, మా తలుపు 24, సరిపోతుంది కదా అనుకున్నాను. ఆ 18 కూర్చునే చోటు మాత్రమే. చక్రాలు, వాటి బయట చేత్తో తిప్పే రింగులు కలిపితే మొత్తం 26 వచ్చింది. బాత్రూం తలుపులోకి ఇప్పటికీ పోదు. కొనేవాళ్లు మొత్తం వెడల్పు ఎంతో చూడండి, సీటు వెడల్పు చూసి మోసపోకండి. పైగా సన్నటి మనిషిని 18 అంగుళాల సీట్లో కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోతుంది, 16 అయితే అమ్మకు సరిపోయేది, తలుపులోకీ పోయేదేమో.

టైర్ల సంగతి ఎవరూ చెప్పరు. గాలి టైర్లు, గట్టి రబ్బరు టైర్లు అని రెండు రకాలు. గట్టివి పంచర్ కావు కాబట్టి షాపుల్లో అవే అంటగడతారు. కానీ వెన్ను బిగిసిన మనిషికి మా ఊరి సీసీ రోడ్డు మీద ప్రతి అతుకు దగ్గరా వచ్చే కుదుపు నేరుగా ఎముకలకే తగులుతుంది, అమ్మ కళ్లలో నీళ్లు తిరిగేవి. తర్వాత గాలి టైర్లు మార్పించాం. పంచరైతే సైకిల్ షాపులో వేస్తారు, పుల్లలు ఊడినా వాళ్లే బిగిస్తారు, మా ఊళ్లో సైకిల్ మెకానిక్ ఇంకా ఉన్నాడు. బ్రేకు మాత్రం తరచుగా వదులవుతుంది, మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చే ముందు ప్రతిసారీ రెండు బ్రేకులు వేసి, ఒకసారి తోసి చూసి అప్పుడు కూర్చోబెట్టండి. మట్టి దారిలో ముందున్న చిన్న చక్రాలు దిగబడతాయి. అప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుండేలా లాక్కుపోతే తేలిగ్గా పోతుంది. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, వాన పడ్డ రోజు మా తమ్ముడికి తట్టింది.

మరుగుదొడ్డి కుర్చీ గురించి రాయడానికి కొందరు సిగ్గుపడతారు, నేను పడను. మోకాళ్లు మడవని మనిషికి కింద కూర్చునే దొడ్డి అంటే రోజూ ఒక నరకం. మా అమ్మ నీళ్లు తాగడం తగ్గించేసింది, ఎక్కువసార్లు పోవాల్సి వస్తుందని. అది మాకు తెలియడానికే చాలా రోజులు పట్టింది, మూత్రంలో మంట వచ్చి డాక్టర్ దగ్గరికి పోతే బయటపడింది. ఊళ్లలో ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోసి వాడతారు, మేం కూడా మొదట అదే చేశాం. వద్దు. కోసిన చోట పగులు పారుతుంది, ఎప్పుడు విరుగుతుందో తెలియదు. ఇనుప గొట్టాల కుర్చీ కొన్నాం, 2,300, రోజూ నీళ్లు పడి ఏడాదికే తుప్పు పట్టింది. ఇప్పుడున్నది స్టీలుది, 3,900, ఎత్తు తగ్గించి పెంచుకోవచ్చు, దొడ్డి మీద సరిగ్గా కూర్చుంటుంది, గోడకు ఒక స్టీలు కడ్డీ కూడా బిగించాం. అమ్మ ఇప్పుడు భయం లేకుండా నీళ్లు తాగుతుంది. పది రూపాయలు ఎక్కువైనా దీని దగ్గర వెనకాడకండి.

నాయిన సంగతి వేరు. ఆయన నడుస్తాడు, పొలం పోతాడు, 74 ఏళ్లు. చెవులే పోయాయి. "మాట ఇనవడ్తది బిడ్డా, ఏమన్నరో తెల్వది" అనేవాడు. నేను గట్టిగా అరిచి చెప్పేదాన్ని, ఆయనకి కోపం వచ్చేది, "నన్ను తిడుతున్నవా" అనేవాడు. ఇంట్లో టెన్షన్ అంతా ఈ అరుపులతోనే. తర్వాత తెలిసింది, వయసుతో పోయే వినికిడిలో ముందు సన్నటి శబ్దాలు పోతాయట. స, శ, త, క లాంటివి చెవికి అందవు, మోటు శబ్దాలు అందుతాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, మాట తెలియదు. మనం అరిస్తే మోటు శబ్దమే పెరుగుతుంది గానీ ఆ అందనిది అందదు. ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా, మెల్లగా మాట్లాడితే మిషన్ లేకుండానే సగం అర్థమవుతుంది. ఇది తెలిశాక నేను ఆయన్ని ఎన్నిసార్లు విసుక్కున్నానో గుర్తొచ్చి ఏడ్చాను.

మొదట ఆన్‌లైన్‌లో 900 పెట్టి చెవి మిషన్ ఒకటి తెప్పించాం. అది అన్నిటినీ ఒకేలా పెంచుతుంది. ఫ్యాను, కుక్కరు విజిల్, పక్కింటి బోరు మోటారు, అన్నీ చెవిలో పడి తల పగిలిపోతుందని మూడో రోజు తీసి గూట్లో పెట్టాడు. రెండోసారి ఒక షాపులో పరీక్ష కూడా చేయకుండా చెవిలో పెట్టి "వినపడుతుందా తాతా" అని అడిగి 12,000 తీసుకున్నారు. వినపడుతుందా అంటే వినపడుతుందనే అంటాడు ఎవరైనా. ఇంటికొచ్చాక అదే కథ, పైగా ఈల. మూడోసారి వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టు దగ్గరికి పోయాం. గదిలో కూర్చోబెట్టి ఒక్కో చెవికి విడివిడిగా శబ్దాలు వినిపించి కాగితం మీద గీత గీసి ఇచ్చారు, ఏ శబ్దం ఎంత పోయిందో అందులో ఉంటుంది. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. దాని ప్రకారం కంప్యూటర్‌కు కలిపి మిషన్‌ని సెట్ చేశారు. చెవిలో మెత్తటి పదార్థం పోసి అచ్చు తీసి, ఆ చెవికే సరిపోయే మోల్డ్ చేయించారు. మోల్డ్ వదులుగా ఉంటే శబ్దం బయటికి వచ్చి మళ్లీ మైక్‌లోకి పోతుంది, ఈల దానివల్లే. చెవి వెనక పెట్టుకునే డిజిటల్ మిషన్, ఒక చెవికి 21,000. రెండు చెవులకూ పెట్టుకుంటే మంచిదన్నారు, మా స్థోమతకి ఒకటే అయింది.

మొదటి నెల ఆయనకి నచ్చలేదు. పళ్లేలు కడిగితే ఉలిక్కిపడేవాడు. రోజుకు గంట, తర్వాత రెండు గంటలు, ముందు ఇంట్లో ఒక్కరితో మాట్లాడేటప్పుడే, అలా పెంచుకుంటూ పోమన్నారు. దాదాపు రెండు నెలలకు అలవాటైంది. ఇప్పుడు పొద్దున లేవగానే ముందు మిషనే వెతుక్కుంటాడు. పోయిన ఎండాకాలం వేపచెట్టు కింద పడుకుని "గీ పిట్టలు ఇంక ఉన్నయా, నేను పోయినయనుకున్న" అన్నాడు. ఇన్ని వేలు పెట్టింది ఆ ఒక్క మాటకే సరిపోయింది నాకు.

బ్యాటరీల దగ్గర జాగ్రత్త. నాయినది 13 నంబరు, ఆరెంజ్ రంగు స్టిక్కర్. ఈ బ్యాటరీ గాలి తగిలితేనే పనిచేస్తుంది, స్టిక్కర్ తీసి ఒక నిమిషం ఆగి పెడితే పూర్తి బలం వస్తుంది. ఒకసారి స్టిక్కర్ తీస్తే మళ్లీ అంటించినా లాభం లేదు, అయిపోతూనే ఉంటుంది. నాయినకి ఒకటి తొమ్మిది పది రోజులు వస్తుంది. ఆరు బ్యాటరీల అట్ట 280. వాచీ షాపులో ఇచ్చే బిళ్లలు చూడ్డానికి ఒకేలా ఉన్నా పనికిరావు. మా ఊళ్లో దొరకవు, నల్లగొండలో దొరుకుతాయి, నేను మూడు అట్టలు ఒకేసారి తెస్తాను, గడువు తేదీ చూసి. చార్జింగ్ పెట్టుకునే మిషన్లు వచ్చాయి, బిళ్లలు మార్చే బాధ లేదు, వేళ్లు వణికేవాళ్లకి అవే మంచివి. రాత్రి కరెంటు పోయే ఊళ్లో మాత్రం ఆలోచించుకోండి. చెమట కూడా మిషన్‌కి శత్రువే. మా ఎండలు తెలిసినవే కదా, రాత్రి తుడిచి, బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెడతాం. ఒక్క కష్టం ఏమిటంటే సెట్టింగ్ మార్చాలన్నప్పుడల్లా మేం హైదరాబాదే పోవాలి, రానూపోనూ రెండు వందల కిలోమీటర్లు, ఒక పూర్తి రోజు. కొనే ముందు ఉచితంగా ఎన్నిసార్లు సెట్ చేస్తారో కాగితం మీద రాయించుకోండి.

మా మేనమామ దేవరకొండ వైపు ఉంటాడు, షుగర్ వల్ల చూపు పోయి ఆరేళ్లు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదే ఎక్కువ. ఆయన వాడేది మామూలు ఆండ్రాయిడ్ ఫోనే, అందులో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ అని ముందే ఉంటుంది, ఒక్క రూపాయి పెట్టక్కర్లేదు. శబ్దం పెంచే, తగ్గించే బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు పట్టుకుంటే వస్తుంది, సెట్టింగ్స్‌లో ఆ షార్ట్‌కట్ పెట్టి ఉంచాలి. ఒకసారి తాకితే అక్కడేముందో చదువుతుంది, రెండుసార్లు కొడితే తెరుస్తుంది. తెలుగు గొంతు పెట్టాం. వాట్సాప్ మెసేజీలు, పేపరు వార్తలు అన్నీ వింటాడు. మొదటి వారం చాలా కష్టం, చూపున్న మనకైతే ఇంకా కష్టం, ఫోన్ పాడైందని భయపడతాం. ఆయనకు నేర్పడానికి నేను కళ్లు మూసుకుని రెండు రోజులు వాడి చూశాను, అప్పుడే నాకు అర్థమైంది.

మాటతో టైప్ చేసేది బాగానే పనిచేస్తుంది గానీ మన మాట దానికి సరిగ్గా ఎక్కదు. మామ "ఏడున్నవ్, తిన్నవా" అంటే ఇంకేదో రాస్తుంది. "ఎక్కడ ఉన్నావు, తిన్నావా" అని టీవీ వార్తల్లో మాట్లాడినట్టు అంటే సరిగ్గా రాస్తుంది. అరవై ఏళ్లు ఒక తీరుగా మాట్లాడిన మనిషి ఫోన్ కోసం మాట మార్చుకోవాల్సి రావడం నాకు నచ్చలేదు. ఇవి తయారుచేసేవాళ్లు మా జిల్లా పెద్దవాళ్ల గొంతులు కూడా వినాలి. ఇంకో ఇబ్బంది, ఏదైనా వెబ్‌సైట్‌లో వంకర అక్షరాలు చూసి టైప్ చేయమంటే మామ అక్కడే ఆగిపోతాడు, ఎవరో ఒకరు వచ్చేదాకా.

డబ్బుల నోట్లు వేలితో గుర్తుపడతాడు. కొత్త నోట్ల అంచుల్లో ఉబ్బెత్తు గీతలు ఉంటాయి, వందకు నాలుగు, రెండు వందలకు నాలుగు గీతలతో పాటు మధ్యలో రెండు చుక్కలు, ఐదు వందలకు ఐదు. నోటు కొత్తగా ఉన్నంతవరకే ఇది. నలిగిన నోటు మీద ఏమీ తెలియదు. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో మణి అనే యాప్ తెచ్చింది, కెమెరా ముందు నోటు పెడితే ఎంతో చెబుతుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మామ దాన్ని నోటు అనుమానంగా ఉంటేనే వాడతాడు. ఆయనకి అన్నిటికంటే నచ్చింది కిరాణా కొట్టులో ఫోన్‌తో కట్టిన డబ్బులు పడగానే తెలుగులో చెప్పే డబ్బా. అది గుడ్డివాళ్ల కోసం చేసింది కాదు, కానీ ఎంత పడిందో అందరి ముందూ పైకి చెబుతుంది కాబట్టి ఆయన్ని ఎవరూ మోసం చేయలేరు.

తెల్లకర్ర మడతపెట్టేది వాడతాడు. కిందున్న రాయి, గుంత అన్నీ పట్టేస్తుంది. నడుము పైన ఉన్నవి పట్టదు, నిలబెట్టిన ట్రాక్టర్ ట్రాలీ అంచు, కిందికి వేలాడే రేకుల కప్పు. నుదుటి మీద మచ్చ అలా వచ్చిందే. ఢిల్లీ ఐఐటీ వాళ్లు తయారుచేసిన స్మార్ట్ కేన్ ఉంది, గబ్బిలంలా శబ్ద తరంగాలు పంపి, మోకాలి పైనుంచి తల దాకా ఏదైనా అడ్డం ఉంటే పిడి వణికి చెబుతుంది. మామ స్నేహితుడి దగ్గర ఉంటే ఒక పూట తీసుకుని నడిచి చూశాడు. బజారులో జనం మధ్య ఆపకుండా వణుకుతూనే ఉందట, ఊరి దారిలో మాత్రం బాగా పనికొచ్చిందట. ట్రాలీకి రెండడుగుల ముందే ఆగాను అని పిల్లాడిలా చెప్పాడు. దానికోసం ఇప్పుడు డబ్బులు కూడబెడుతున్నాం.

ఇవన్నీ కొనే ముందు ఉచితంగా ఏం వస్తాయో కనుక్కోండి, మేం కనుక్కోకుండా సగం డబ్బు పోగొట్టుకున్నాం. వికలాంగులకు ఇలాంటి పరికరాలిచ్చే ఏడిప్ అనే కేంద్ర పథకం 1981 నుంచి ఉంది. అరవై దాటిన పేదవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ పథకం 2017లో వచ్చింది, చేతికర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు, చెవి మిషన్లు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు కూడా అందులో ఇస్తారు. కాన్పూర్‌లోని ఆలిమ్కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేసి క్యాంపుల్లో పంచుతుంది, ఏడాది పాటు మరమ్మతు ఉచితం. క్యాంపు రెండు సార్లు ఉంటుంది, మొదటిసారి కొలతలు తీసుకుంటారు, తర్వాత ఇంకోరోజు ఇస్తారు. కొలతల రోజు మనిషి తప్పకుండా పోవాలి, పెద్దవాళ్లు పోలేరని కొడుకులే ఆధార్ కార్డు పట్టుకుని పోతే వచ్చేది ఎవరికీ సరిపోదు. వికలాంగుల పింఛనుకూ, చాలా వాటికీ వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, మేం తీసుకున్నప్పుడు దాన్ని సదరం అనేవారు, చాలావాటికి కనీసం 40 శాతం ఉండాలి. అమ్మకు సర్టిఫికెట్ కోసం మేం మూడుసార్లు తిరిగాం, చివరికి వచ్చింది.

1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టింది. నీళ్ల కోసం అంత ఆలోచించారు, మంచిదే. ఆ నీళ్లు తాగి వంగిపోయిన వాళ్ల కోసం, వాళ్ల ఒంటి కొలతలతో ఒక వాకర్, ఒక కుర్చీ కూడా ఎవరైనా చేయాలి. మా మండలంలోనే అమ్మలాంటి వాళ్లు ఊరికి కొందరు ఉన్నారు, అందరూ వాళ్ల ఒంటికి పెద్దవైన వస్తువులనే పట్టుకుని నడుస్తున్నారు.

అమ్మ వేళ్లలో పట్టు ఈ ఏడాది ఇంకా తగ్గింది. పిడి పట్టుకోకుండా మోచేతులు ఆనించుకుని నడిచే వాకర్ ఉంటుందని, పైన మెత్తటి పలకలు ఉంటాయని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. కోఠిలో చూసినవన్నీ అమ్మకు ఎత్తు ఎక్కువైపోయాయి. ఎవరింట్లోనైనా ఇలాంటిది పొట్టిది వాడుతుంటే ఎక్కడ దొరికిందో, ఎంతకు వచ్చిందో చెప్పండి. అమ్మ నిలబడ్డప్పుడు నేల నుంచి మోచేతి దాకా 31 అంగుళాలు, బరువు 41 కిలోలు, తలుపు వెడల్పు 24.